కాపీ ఉంది, డేటా ఏదీ?

కంప్యూటర్ మొరాయిస్తుంది. షాపుకు పట్టుకెళ్తే కుర్రాడు రెండు నిమిషాలు చూసి, "విండోస్ కొట్టాలె అన్నా. సి డ్రైవ్‌ల ఏమన్న ఉంటే డి లకు ఏసుకో" అంటాడు. డెస్క్‌టాప్ మీదివీ, డాక్యుమెంట్స్‌లోవీ, సాఫ్ట్‌వేర్ పేరుతో కనిపించిన ఫోల్డర్లూ అన్నీ డి డ్రైవ్‌లోకి చేరతాయి. సాయంత్రానికి కొత్త విండోస్ ఎక్కుతుంది, పాత సాఫ్ట్‌వేర్లు మళ్లీ పడతాయి. తెరిచి చూస్తే బ్రౌజర్‌లో ఒక్క బుక్‌మార్కూ లేదు. మెయిల్ ప్రోగ్రాము కొత్త అకౌంటు పెట్టుకోమంటోంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ 'మీ దుకాణం పేరు?' అని మొదటికొచ్చింది. పెళ్లికార్డు ఫైలు తెరుచుకుంది గానీ తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలు, పిచ్చి గుర్తులు.

"అన్నీ కాపీ చేసిన గదా తమ్మీ!"

చేసిన మాట నిజమే. ఫైళ్లు ఉన్నాయి, డేటా లేదు.

రెబ్బెన మండలంలోని గోలేటి సింగరేణి బొగ్గు కంపెనీ ఊరు. బెల్లంపల్లి ఏరియా జనరల్ మేనేజర్ ఆఫీసు ఉన్నది ఇక్కడే. కంపెనీ లెక్కలు చూడటానికి కంపెనీకి వ్యవస్థలున్నాయి, మనుషులున్నారు. టౌన్‌షిప్ చుట్టూ బతికే జిరాక్స్ సెంటరు, మెడికల్ షాపు, ఫొటో స్టూడియో, కిరాణా హోల్‌సేల్ సంగతి అలా కాదు. గోలేటిలో అయినా గోదావరిఖనిలో అయినా ఇలాంటి దుకాణం జ్ఞాపకమంతా తరచూ ఒక్క డెస్క్‌టాప్‌లోనే ఉంటుంది. అలాంటి యంత్రానికి పనికొచ్చే బ్యాకప్ టూల్ తయారుచేయాలంటే ఏమేం ఆలోచించాలో చూద్దాం. ఒక్క మాట ముందే చెబుతాను: ఈ టూల్ డిజైను 'బ్యాకప్' బటన్ దగ్గర మొదలుపెడితే చెడిపోతుంది. 'దిగుమతి' బటన్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి.

దాచిపెట్టిన ఫోల్డరు

డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రాము వేరు, అది వాడుతుండగా పోగుపడే సరుకు వేరు. ప్రోగ్రాము పోయినా మళ్లీ వేసుకోవచ్చు. పోగుపడిన సరుకు పోతే పోయినట్టే. 2007లో వచ్చిన విండోస్ విస్టా నుంచి ఈ సరుకులో చాలా భాగం మన యూజర్ ఫోల్డరులోని 'యాప్‌డేటా' అనే చోట ఉంటోంది. అది మామూలుగా కంటికి కనిపించదు. ఎవరూ పొరపాటున చెరపకూడదని దాచారు. దాచడం వల్లనే ఎవరూ కాపీ చేయరు.

అందులో కూడా 'రోమింగ్', 'లోకల్' అని విభాగాలున్నాయి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ మన బుక్‌మార్కులున్న ప్రొఫైల్‌ను రోమింగ్‌లో పెడుతుంది. మళ్లీ నెట్ నుంచి తెచ్చుకోగలిగిన తాత్కాలిక సరుకును, అంటే కాష్‌ను, లోకల్‌లో పెడుతుంది. పద్ధతిగల ఏర్పాటే. అన్ని ప్రోగ్రాములూ ఇంత పద్ధతిగా ఉండవు. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ ఈఆర్‌పీ 9 మామూలుగా తన ఫోల్డరులోనే 'డేటా' అనే ఉపఫోల్డరులో ఒక్కో కంపెనీ లెక్కలను 10000 లాంటి అంకెల పేరున్న ఫోల్డరులో దాచేది. కాపీ చేసే కుర్రాడికి ఆ అంకె కనిపించినా, అందులో ఏళ్ల తరబడి లెక్కలున్నాయని ఎలా తెలుస్తుంది?

కాబట్టి టూల్‌కు ముందుగా కావాల్సింది ఈ సమాచారం: ఏ ప్రోగ్రాము, ఏ విండోస్‌లో, ఏది ఎక్కడ పెడుతుంది. దీన్ని టూల్ కోడ్‌లోనే రాసేస్తే కొత్త ప్రోగ్రాము వచ్చిన ప్రతిసారీ టూల్‌నే మార్చాలి. ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో చిన్న వివరణ ఫైలు విడిగా పెడితే సరిపోతుంది. ఫలానా ఫోల్డరు సొంత డేటా, ఫలానాది సెట్టింగులు, ఫలానాది వదిలేయదగ్గ కాష్, ఫలానాది రహస్యం అని అందులో ఉంటుంది. కొత్త సాఫ్ట్‌వేర్ వస్తే ఇంకో వివరణ ఫైలు చేరుతుంది, అంతే. సెట్టింగులు వద్దు, డేటా మాత్రం చాలు అనేవాళ్లకూ ఈ విభజనే దారి ఇస్తుంది.

రాస్తుండగా కాపీ తీస్తే

ఇక్కడొక చిక్కుంది. చాలా డెస్క్‌టాప్ ప్రోగ్రాములు తమ డేటాను ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో దాస్తాయి. రిచర్డ్ హిప్ 2000లో విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఫోన్లలో, బ్రౌజర్లలో అంతటా ఉంది. ఫైర్‌ఫాక్స్ చరిత్ర, బుక్‌మార్కులు అలాంటి ఒక్క ఫైల్లోనే ఉంటాయి.

2010 నుంచి ఎస్‌క్యూలైట్‌లో ఒక వెసులుబాటు ఉంది. కొత్త మార్పును వెంటనే అసలు ఫైల్లో రాయదు. పక్కనే ఇంకో ఫైలు తెరిచి ముందు అందులో చేరుస్తుంది. అది కొంత పెరిగాక అక్కడివన్నీ అసలు ఫైల్లోకి ఎక్కిస్తుంది. వేగం కోసం, కరెంటు పోయినా డేటా చెడకుండా ఉండటం కోసం ఈ ఏర్పాటు. ఇప్పుడు ప్రోగ్రాము నడుస్తుండగా అసలు ఫైలొక్కటే కాపీ చేశామనుకోండి, చివరి మార్పులు రావు. సరే, రెండూ కాపీ చేద్దామంటే, మొదటిది అయి రెండోది మొదలయ్యేలోపు ఎక్కింపు జరిగిపోవచ్చు. అప్పుడు మన చేతికొచ్చేది ఒక క్షణం నాటి సగం, ఇంకో క్షణం నాటి సగం. అలాంటి కాపీ ఒక్కోసారి తెరుచుకుంటుంది కూడా. పాడైన సంగతి బయటపడేది మూడు నెలల తర్వాత, పాత బిల్లు వెతికినప్పుడు.

దీనికి మందు మూడు రకాలు. ప్రోగ్రామును మూసేయమనడం అన్నిటికంటే తేలిక. టూల్ ముందుగా చూసి, 'ఇది ఇంకా నడుస్తోంది' అని చెప్పాలి. రెండోది, కాపీ ఇమ్మని డేటాబేస్‌నే అడగడం. నడుస్తుండగానే నిలకడైన నకలు తీసే సదుపాయం ఎస్‌క్యూలైట్‌లోనే ఉంది. మూడోది విండోస్ ఇచ్చే 'షాడో కాపీ'. అది డ్రైవ్ మొత్తాన్ని ఒక్క క్షణం దగ్గర నిలిపినట్టు చూపిస్తుంది. ఆ క్షణం తర్వాత ఏ ముక్క మారబోయినా, మారకముందు రూపాన్ని పక్కన భద్రపరిచి, బ్యాకప్‌కు ఆ పాత రూపాన్నే చదివిస్తుంది. గొప్ప ఏర్పాటే గానీ దానికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి. చిన్న దుకాణానికి మొదటి రెండూ చాలని నా అభిప్రాయం.

పాత ఇంటి అడ్రసు

మెయిల్ ప్రోగ్రాము థండర్‌బర్డ్ సెట్టింగుల ఫైలు తెరిచి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. ఉత్తరాల ఫోల్డరు ఎక్కడుందో అందులో రెండుసార్లు రాసి ఉంటుంది. ఒకసారి సి డ్రైవ్ నుంచి మొదలుపెట్టి యూజర్ పేరుతో సహా పూర్తి దారి. ఇంకోసారి 'నా ప్రొఫైల్ ఫోల్డరు లోపల ఫలానా చోట' అని. మొదటిది పాత కంప్యూటర్‌కే చెల్లుతుంది. కొత్త విండోస్‌లో యూజర్ పేరు మారితే ఆ దారి ఎక్కడికీ పోదు. రెండోది ఎక్కడికెళ్లినా పనిచేస్తుంది.

గోలేటి నుంచి గోదావరిఖనికి బదిలీ అయిన కుటుంబం సామాను కట్టేటప్పుడు డబ్బా మీద 'వంటింటి సామాను' అని రాస్తుంది. 'ఎడమచేతి రెండో గది, కిటికీ కింద' అని రాయదు. కొత్త క్వార్టర్‌లో గదులు ఎలా ఉంటాయో తెలియదు కదా. టూల్ కూడా పూర్తి దారులను అలాగే దాచకూడదు. బ్యాకప్ మూట కట్టేటప్పుడే 'యూజర్ ఫోల్డరు', 'డాక్యుమెంట్స్', 'ప్రొఫైల్' అనే గుర్తులుగా మార్చి, దించేటప్పుడు కొత్త యంత్రంలో అవి ఎక్కడున్నాయో కనుక్కుని నింపాలి.

థండర్‌బర్డ్‌కు 2022లో వచ్చిన 102వ వెర్షన్‌లో సొంత ఎగుమతి, దిగుమతి సదుపాయం చేరింది. అంతా ఒక జిప్ ఫైలుగా ఇస్తుంది, కాకపోతే 2 జీబీ దాటితే ఇవ్వలేదు. పదేళ్ల ఉత్తరాలున్నవాళ్లు మళ్లీ ఫోల్డరు కాపీకే రావాలి.

———
పెట్టె: మూటలో ఏముండాలి?

బ్యాకప్ ఫైలు మామూలు జిప్ అయితే మేలు. 1989 నుంచి ఉన్న పద్ధతి, ఏ కంప్యూటరైనా విప్పుతుంది. రేపు మన టూలే లేకపోయినా లోపలివి తీసుకోవచ్చు.

లోపల మొదటి కాగితం ఒక జాబితా. ఏ ప్రోగ్రాము, ఏ వెర్షన్, ఏ తేదీ, ఏ విండోస్, ఏయే భాగాలు తీశాం, ఏవి వదిలేశాం అని అందులో ఉండాలి. వదిలేసినవి రాయడం మరీ ముఖ్యం. లేకపోతే అవి పోయాయో, తీయనే లేదో తర్వాత తెలియదు.

ప్రతి ఫైలు పక్కన దాని సైజు, ఒక 'సంకేత మొత్తం' ఉండాలి. ఫైల్లోని ప్రతి అక్షరాన్నీ కలిపి గణించిన పొడుగాటి అంకె అది. ఒక్క అక్షరం మారినా అంకె పూర్తిగా మారిపోతుంది. దిగుమతి అప్పుడు మళ్లీ గణించి పోల్చితే పెన్‌డ్రైవ్‌లో చెడిన ఫైలు అక్కడే పట్టుబడుతుంది.
———

పాస్‌వర్డుల సంగతి వేరు

ఫైర్‌ఫాక్స్ దాచుకున్న పాస్‌వర్డులు ఒక ఫైల్లో, వాటిని విప్పే తాళంచెవి ఇంకో ఫైల్లో ఉంటాయి. ఒకటి తెచ్చి రెండోది వదిలేస్తే తెచ్చింది వృథా. విండోస్ మీద క్రోమ్ ఇంకో అడుగు ముందుకు వేసింది. అది తన తాళంచెవిని మన విండోస్ అకౌంటుకే కట్టిపడేస్తుంది. అందుకే క్రోమ్ ఫోల్డరు మొత్తం కొత్త కంప్యూటర్‌లోకి తెచ్చినా పాస్‌వర్డులు తెరుచుకోవు. అది లోపం కాదు, దొంగ హార్డ్‌డిస్క్ ఎత్తుకెళ్లినా చదవలేకుండా కావాలని చేసిన పని.

మంచి టూల్ ఈ తాళం పగలగొట్టబోదు. 'పాస్‌వర్డులు రావు, బ్రౌజర్‌లోనే ఉన్న ఎగుమతితో విడిగా తీసుకోండి' అని ముందే చెబుతుంది. అలా తీసిన ఫైలు ఎవరైనా చదవగలిగే సాదా పట్టిక, పని కాగానే చెరిపేయాలి. జిరాక్స్ సెంటరులో ఒకే పెన్‌డ్రైవ్ పది చేతులు మారుతుంది. అందుకే రహస్యాలు మూటలో చేర్చే ఎంపిక మొదట్లో ఆపి ఉంచాలి. కావాలన్నవాళ్లు టిక్ పెడితే మూటకే పాస్‌వర్డు అడగాలి.

దిగుమతి: అసలు పని ఇక్కడ

మూట కట్టేవాడికి తన యంత్రం ఎదురుగా ఉంటుంది. విప్పేవాడికి అది ఎప్పుడు, ఎవరు, ఏ వెర్షన్‌తో కట్టారో తెలియదు. పైగా విప్పే యంత్రం ఖాళీగా ఉండకపోవచ్చు. కొత్త కంప్యూటర్‌లో వారం రోజులు బిల్లులు కొట్టాక, పాత బ్యాకప్ ఉన్న సంగతి గుర్తొస్తుంది. అప్పుడు పాతది పెడితే వారం బిల్లులు పోకూడదు.

ముందు వెర్షన్ల సంగతి. మన ప్రాంతమే దీనికి మంచి ఉదాహరణ. 2013లో ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఖాతాదారుల అడ్రసులు ఎక్కించారనుకుందాం. గోలేటి వ్యక్తికి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, జిల్లా ఆదిలాబాద్ అని ఉంటుంది. 2014 జూన్ 2న రాష్ట్రం తెలంగాణ అయింది. 2016 అక్టోబర్ 11న జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. కొత్త సాఫ్ట్‌వేర్‌లో జిల్లా పేరు జాబితా నుంచే ఎంచుకోవాలి. పాత ఫైలు వచ్చి పడితే ఏం చేయాలి?

రాష్ట్రం మార్చడం తేలిక. జిల్లా ఆదిలాబాద్ అయితే రాష్ట్రం తెలంగాణే. జిల్లా దగ్గర మాత్రం చిక్కు. ఆదిలాబాద్ అనే పేరు ఇప్పటికీ ఉంది, అందువల్ల టూల్ ఏ అనుమానం లేకుండా లోపలికి తీసేసుకుంటుంది. నిజానికి పాత ఆదిలాబాద్ ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ అని నాలుగైంది. గోలేటి ఆసిఫాబాద్ జిల్లాకు, బెల్లంపల్లి పట్టణం మంచిర్యాల జిల్లాకు వెళ్లాయి. బెల్లంపల్లి ఏరియా ఆఫీసు ఒక జిల్లాలో, బెల్లంపల్లి ఇంకో జిల్లాలో ఉన్నాయన్నమాట! 'బెల్లంపల్లి ఏరియా' అని చూసి జిల్లా ఊహించే తెలివైన టూల్ ఇక్కడ తప్పులో కాలేస్తుంది. మండలం పేరు చూసి తేల్చవచ్చు గానీ, అప్పుడే కొత్త మండలాలూ పుట్టాయి. గోదావరిఖని కరీంనగర్ నుంచి పెద్దపల్లికి, కొత్తగూడెం ఖమ్మం నుంచి భద్రాద్రి కొత్తగూడేనికి మారాయి. బొగ్గు బెల్టంతా ఇదే కథ.

అందుకని రెండు నియమాలు. మొదటిది, మార్పులను మెట్లుమెట్లుగా రాసుకోవాలి. ఒకటో వెర్షన్ నుంచి రెండోదానికి, రెండు నుంచి మూడుకు, ఇలా. ఎంత పాత మూట వచ్చినా తన మెట్టు దగ్గర మొదలుపెట్టి పైకి ఎక్కుతుంది. ప్రతి పాత వెర్షన్ నుంచి నేటి వెర్షన్‌కు నేరుగా దారి వేయబోతే, వెర్షన్ మారినప్పుడల్లా అన్ని దారులూ తిరగరాయాలి. రెండోది, తేలనిదాన్ని ఊహించకూడదు. పాత విలువను అలాగే ఉంచి, పక్కన 'సరిచూడాలి' అని గుర్తు పెట్టి, జాబితా చేతికివ్వాలి. నలభై పేర్లు చేత్తో సరిచేసుకోవడం విసుగే. కానీ ఏది తప్పో తెలియని నాలుగు వేల పేర్లకంటే నయం.

ఇంకో చిక్కు, ఎవరు ఎవరో గుర్తుపట్టడం. పాత కంప్యూటర్‌లో 101వ నంబరు బిల్లు ఉంది, కొత్తదానిలోనూ 101 ఉంది. రెండూ ఒకటేనా? కావు. వరుస నంబరు ఆ యంత్రం లోపలే చెల్లుతుంది. అందుకే ఇప్పటి సాఫ్ట్‌వేర్లు ప్రతి నమోదుకూ కనిపించని ఇంకో గుర్తు ఇస్తాయి. అది యాదృచ్ఛికంగా పుట్టించిన 128 బిట్ల అంకె. ఎంత పెద్దదంటే, రెండు యంత్రాలు ఒకదానికొకటి తెలియకుండా పుట్టించినా అవే అంకెలు రెండుసార్లు పడే అవకాశం లేనట్టే లెక్క. ఆ గుర్తు ఉంటే కలపడం సులువు. లేని పాత డేటాలో పేరు, ఫోను, తేదీ కలిపి చూడాలి. ఫోను నంబరొక్కటే నమ్ముకుంటే ఇంటిల్లిపాదీ ఒకే నంబరిచ్చిన ఖాతాలు ఒక్కరైపోతాయి.

ఇవన్నీ తేలాక కూడా వెంటనే లోపలికి దూర్చకూడదు. ముందు లెక్క చూపించాలి: ఇన్ని కొత్తవి చేరతాయి, ఇన్ని మారతాయి, ఇన్ని తగాదాలో ఉన్నాయి అని. పాతదాని స్థానంలో పెట్టాలా, కలపాలా, వదిలేయాలా అని అప్పుడు అడగాలి. ఒప్పుకున్నాక కూడా ప్రస్తుత డేటాకు ముందు ఒక నకలు తీసి, దిగుమతిని పక్కన వేరే ఫైలు మీద చేసి, పూర్తయ్యాకే పేరు మార్చి అసలు చోట పెట్టాలి. ఒకే డ్రైవ్‌లో పేరు మార్చడం క్షణంలో అయిపోయే పని. మధ్యలో కరెంటు పోతే పాతదో కొత్తదో ఏదో ఒకటి పూర్తిగా ఉంటుంది గానీ సగం సగం ఉండదు.

బయటి నుంచి వచ్చిన జిప్‌ను గుడ్డిగా విప్పకూడదన్నది మరో సంగతి. లోపలి ఫైలు పేరులోనే 'ఒక మెట్టు పైకి వెళ్లు' అనే రెండు చుక్కల గుర్తు ఇరికిస్తే, అది మనం చెప్పిన ఫోల్డరు దాటి సిస్టమ్ ఫోల్డర్లలోకి పోయి కూర్చోగలదు. 2018లో 'జిప్ స్లిప్' పేరుతో బయటపెట్టిన ఈ లోపం ఎన్నో పేరున్న సాఫ్ట్‌వేర్లలో దొరికింది. జాబితాలో లేని ఫైలునూ, ఫోల్డరు దాటబోయే ఫైలునూ టూల్ అక్కడే ఆపాలి.

తెలుగు ఫైళ్ల ప్రత్యేక కష్టం

పెళ్లికార్డు దగ్గరికి వద్దాం. ప్రపంచ లిపుల అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటూ వచ్చింది. అయినా డీటీపీ సెంటర్లు చాలాకాలం పేజ్‌మేకర్‌లో అను, శ్రీలిపి లాంటి ఫాంట్లతోనే నడిచాయి, ఇప్పటికీ నడుస్తున్నవి ఉన్నాయి. ఆ ఫాంట్ల పద్ధతి వేరు. ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన గళ్లలో తెలుగు ముక్కలను, అంటే తలకట్లు, గుడులు, ఒత్తులను కూర్చోబెట్టారు. ఫైల్లో ఉండేది ఇంగ్లిషు సంకేతమే. తెలుగు కనబడటం ఫాంటు పని. ఫాంటు లేకపోతే లోపలిదే బయటపడుతుంది. అందుకే ఇలాంటి ఫైళ్ల బ్యాకప్‌లో వాడిన ఫాంట్ల పేర్లు నమోదు కావాలి, లైసెన్సు ఒప్పుకుంటే ఫాంట్లూ చేరాలి.

యూనికోడ్‌లోకి మార్చడం ఇంకా తిప్పలు. 'స్త్రీ' తీసుకోండి. యూనికోడ్‌లో పలికే వరుసలో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి అని ఆరు సంకేతాలు. పాత ఫాంటులో కంటికి కనిపించే ముక్కలు: గుడి దీర్ఘంతో కూడిన 'సీ' ఆకారం, త ఒత్తు, ర ఒత్తు. ఒత్తుల్లో ఏది ముందు టైపు చేసినా ముద్రణలో తేడా కనిపించదు, కాబట్టి ఆపరేటర్లు తమ చేతివాటం కొద్దీ కొట్టారు. మార్చే ప్రోగ్రాము ఆ ముక్కల నుంచి పలికే వరుసను తిరిగి కట్టాలి. ఇంకా, మధ్యలో నిజమైన ఇంగ్లిషు మాట ఉంటే? అది ఇంగ్లిషా, తెలుగు ముక్కా అన్నది ఆ చోట పెట్టిన ఫాంటు పేరును బట్టే తెలుస్తుంది. నోట్‌ప్యాడ్‌లో పేస్టు చేసి దాచినవాళ్ల దగ్గర ఆ పేరు పోయింది, ఇక ఏ టూలూ ఖాయంగా చెప్పలేదు. అందుకే మార్చిన ఫైలు ఎంత బాగా వచ్చినా అసలును పారేయకూడదు.

విప్పి చూశారా?

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే అంతర్జాతీయ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌ను చెరిపేశాడు. ఐదు రకాల ఏర్పాట్లున్నా అవసరానికి ఏదీ సరిగా అక్కరకు రాలేదు. రోజువారీ బ్యాకప్ తీసే ప్రోగ్రాము వెర్షన్ డేటాబేస్ వెర్షన్‌తో కలవక, చాలాకాలంగా ఏమీ తీయకుండానే ఆగిపోతోంది. ఆ సంగతి చెప్పే ఈమెయిళ్లను మెయిల్ వ్యవస్థ తిరస్కరించింది. ఆరుగంటల ముందు వేరే పనికోసం తీసిన ఓ నకలు వాళ్లను కాపాడింది.

దుకాణం స్థాయిలో బ్యాకప్ పనికొస్తుందో లేదో చూసే పరీక్ష చాలా చవక. అదే కంప్యూటర్‌లో ఇంకో విండోస్ యూజర్ అకౌంటు తెరిచి, అక్కడ దిగుమతి చేసి, పోయిన నెల బిల్లొకటి వెతికితే చాలు. టూల్ కూడా మూట కట్టగానే దాన్ని మళ్లీ చదివి, జాబితాతో పోల్చి, అప్పుడే 'అయింది' అనాలి.

డి డ్రైవ్ గురించి కూడా చెప్పాలి. మామూలు డెస్క్‌టాప్‌లో సి, డి రెండూ ఒకే హార్డ్‌డిస్క్‌లో గీసిన గీతలు. డిస్క్ పోతే రెండూ పోతాయి. 2017 మేలో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ విరుచుకుపడి, ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లతో సహా ప్రపంచమంతా ఫైళ్లకు తాళం వేసినప్పుడు, యంత్రానికి తగిలించి ఉన్న డ్రైవులూ దాని చేతికి చిక్కాయి. పని కాగానే ఊడదీసి బీరువాలో పెట్టిన డిస్కుకు ఆ భయం లేదు.

తీసుకెళ్లే హక్కు

యూరప్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న డేటా చట్టం, మన సమాచారాన్ని యంత్రం చదవగలిగే రూపంలో అడిగి తీసుకుని ఇంకో సంస్థకు పట్టుకెళ్లే హక్కును ఇచ్చింది. మన దేశంలో 2019 నాటి బిల్లులో అలాంటి హక్కు ఉంది. 2023లో చట్టమైన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో అది లేదు. డేటా బయటకు తీసే దారి పెట్టాలా వద్దా అన్నది ఇక్కడ ఎక్కువగా సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ల ఇష్టమే. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ డెమో చూపించడానికి వచ్చిన మనిషి రంగురంగుల రిపోర్టులన్నీ చూపిస్తాడు. ఖాతాదారుల జాబితా మొత్తాన్ని సాదా పట్టికగా బయటకు తీసి, అదే పట్టికను ఇంకో ఖాళీ కంపెనీలోకి దించి చూపించమని అక్కడే అడగండి. డబ్బు కట్టకముందైతే కాదనడు.